తుడిచేసిన గొడుగు

ఒక చంద్రుడి మీద బుసలు కొడుతున్న అగ్నిపర్వతాన్ని ఒకావిడ మధ్యాహ్నం భోజనానికి లేచేముందు, మూడే మూడు నిమిషాల్లో, ఒంటిచేత్తో తుడిచిపారేసింది. తుడిచి, చేతులు కడుక్కుని, డబ్బా విప్పుకుని తాపీగా భోంచేసింది కూడా.

ఇంత మాట అన్నాక కాస్త వెనక్కి తగ్గక తప్పదు. తుడిచింది పర్వతాన్ని కాదు, దాని నోట్లోంచి ఎగిసిన ఊపిరిని. చేత్తో కాదు, మీటతో. ఆ పర్వతానికి ఈ సంగతి తెలియనే తెలియదు. అది అప్పుడూ ఎగజిమ్ముతూనే ఉంది, బహుశా ఇప్పుడూ. మాయమైంది బొమ్మలోంచి మాత్రమే. అయితే అరవై కోట్ల కిలోమీటర్ల అవతల, వేరే గ్రహం చుట్టూ తిరిగే చంద్రుడి మీద ఉన్నదాన్ని మనుషులు చూసుకునేది బొమ్మలోనే కదా. బొమ్మలో లేనిది ఇంకెక్కడ ఉన్నట్టు? కాబట్టి మొదట అన్నది పూర్తిగా కోత అనీ అనలేం. చేతులు కడుక్కున్న మాట మాత్రం అక్షరాలా నిజం.

ఆఫీసులో ఆవిడను అందరూ మచ్చలక్క అనేవారు. మొహం మీద ఒక్క మచ్చ లేదు. పేరు పనివల్ల వచ్చింది. ఆ ఆఫీసు మూడంతస్తుల బూడిదరంగు భవనం. ఆకాశంలోకి వెళ్ళిన నౌకలు పంపే బొమ్మలన్నీ అక్కడికి అంకెల రూపంలో వచ్చి పడేవి. వాటిని బొమ్మలుగా మార్చాక మొదట చూసేది ఆవిడే. రెండో అంతస్తు చివర, నల్ల తెరలు కట్టిన గదిలో, యంత్రాల కోసం పెట్టిన చలికి ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని కూర్చునేది. కెమెరా అన్నాక దాని గాజు మీద దుమ్ము ఉంటుంది, లోపల గీతలుంటాయి, సూర్యుడు పక్కనుంచి తొంగిచూస్తే తెల్లటి మసక ఒకటి పడుతుంది. ఆ మసకను అక్కడివాళ్ళు దొంగ వెలుతురు అనేవారు. ఇవన్నీ వెతికి పట్టుకుని, చుట్టుపక్కల ఉన్న రంగునే అక్కడ పులిమి, బొమ్మను కడిగిన కంచంలా చేసి పైకి పంపడం ఆవిడ ఉద్యోగం. తుడిచిన ప్రతి మచ్చకూ నీలం అట్ట పుస్తకంలో నంబరు వేసి, ఎక్కడుంది, ఎలా ఉంది, ఎందుకు తీసేసింది రాసుకునేది. రాయమని ఎవరూ చెప్పలేదు. అది తండ్రి నుంచి వచ్చిన అలవాటు.

తండ్రి ఫోటో స్టూడియోలో నెగటివులు దిద్దేవాడు. వెనక దీపం పెట్టిన ఏటవాలు గాజుబల్ల ముందు వంగి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలూ ముడతలూ మాయం చేసేవాడు. ఊళ్ళో సగంమందికి వయసు తగ్గింది ఆయన చేతిలోనే. మచ్చలక్కకు ఎనిమిదేళ్ళున్నప్పుడు, తాళాలు బాగుచేసే ఒకాయన పోయాడు. ఆయనకు ఉన్నదల్లా ఎవరిదో గుంపు ఫోటోలో వేలిగోరంత మొహం. దాన్ని పెద్దది చేసివ్వమని భార్య వచ్చింది. తండ్రి మూడు రోజులు కళ్ళు పొడుచుకుని దిద్దాడు. ఆవిడ ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, చాలా బాగుంది బాబూ, కానీ ఈయన మా ఆయన కాదు, అంది. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉండాలి. తండ్రి దాన్ని దుమ్మనుకుని తీసేశాడు.

ఆ సాయంత్రం ఆయన సన్న కుంచెతో ఆ చుక్కను మళ్ళీ పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి నడిచి వెళ్ళాడు. నలుగురు కూర్చుని ఉన్నారు. నేనే తీసేశానమ్మా, దుమ్మనుకున్నాను, అన్నాడు అందరి ముందూ. ఆవిడ ఆ చుక్కను వేలితో తడిమింది.  మర్నాటి నుంచి తండ్రి తుడిచిన ప్రతిదీ ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు.

మచ్చను గుర్తుపట్టడానికి మచ్చలక్కకు ఒక సూత్రం ఉండేది. నౌక వరసగా తీసే బొమ్మల్లో చంద్రుడు ఒక్కచోట ఉండడు. ఒక బొమ్మలో ఎడమకు, ఇంకో బొమ్మలో కుడికి జరుగుతుంటాడు. అనుమానంగా ఉన్న మసక చంద్రుడితోపాటు జరిగితే అది అక్కడిది. చంద్రుడు జరిగినా అది ఉన్నచోటే ఉంటే మనది, అంటే కెమెరాది. పందొమ్మిదేళ్ళు ఆ సూత్రం ఆవిడ చేత నీళ్ళు నమిలించలేదు.

పై అంతస్తులో పెద్దసారు ఉండేవాడు. పొడుగు మనిషి, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టు ముందుకు వంగి నడిచేవాడు. ఆయన ఆయుష్షంతా ఆ ఒక్క పసుపుపచ్చ చంద్రుడి మీదే గడిచింది. దాని మీద పర్వతాలు గంధకపు పొగనూ ధూళినీ వందల కిలోమీటర్ల ఎత్తుకు చిమ్ముతాయి. గాలి లేని చోటు కాబట్టి అది చెదిరిపోదు. అన్నివైపులా సమంగా వంగి, విప్పిన గొడుగులా కిందికి దిగుతుంది. అక్కడివాళ్ళు గొడుగు అనే అనేవారు. చంద్రుడి నడిమధ్యన ఉంటే గొడుగు కంటికి ఆనదు. అంచున, నల్లటి ఆకాశం ముందు నిలబడితేనే కనిపిస్తుంది. పెద్దసారు ఆ అంచుల్నే వెతికేవాడు. దొరికినదాన్ని బడిపిల్లల చెక్క స్కేలుతో కొలిచేవాడు. యంత్రం కొలుస్తుంది కదా సార్ అంటే, యంత్రం కొలిచాక నేను కొలవకూడదని ఎక్కడైనా రాశారా, అనేవాడు.

ఆయన ఉద్యోగ విరమణకు ఇంకో నాలుగు నెలలుందనగా రెండో నౌక ఆ చంద్రుడి పక్కనుంచి వెళ్ళింది. ఎడమ అంచున ఇంతవరకూ ఎవరూ చూడని గొడుగు ఒకటి కనిపించింది. పెద్దసారు ఆరేళ్ళ కిందట మొదటి నౌక తీసిన బొమ్మలు తెప్పించి అదే చోటు వెతికాడు. ఏమీ లేదు. నల్లటి ఆకాశం, శుభ్రంగా. అంటే ఈ ఆరేళ్ళలోనే అక్కడ పర్వతం నోరు తెరిచింది. ఇంతకు ముందు ఆయన చూసినవన్నీ ఎప్పుడో పుట్టి పెరిగినవి. ఇదొక్కటే పుట్టినట్టు లెక్కతో సహా చూపించగలిగినది. ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ ఏమీ గట్టిగా చెప్పని మనిషి, ఆ వారం మెట్లమీద ఎదురైనవాళ్ళందరినీ ఆపి చెప్పాడు. వ్యాసం రాశాడు. అచ్చుకు వెళ్ళబోతోంది. వచ్చే సోమవారం పెద్దసభలో చదవాలి.

మచ్చలక్క గదికి కూడా వచ్చాడు. అంతకు ముందు ఆయన ఆ గదిలోకి అడుగుపెట్టింది లేదు.

"అమ్మాయ్, ఇదంతా నీ చలవే. ఆ పాత బొమ్మలు అంత శుభ్రంగా లేకపోతే, అక్కడ ఏమీ లేదని నేను గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలిగేవాణ్ణి కాదు" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక మచ్చలక్కను శుభ్రంగా అన్న మాట వదల్లేదు. నీలం పుస్తకం తీసి ఆరేళ్ళ వెనక్కి తిప్పింది. ఆరువందల నలభై ఒకటో నంబరు దగ్గర వేలు ఆగింది. ఆవిడ అక్షరాలే: ఎడమ అంచు, పైభాగం, పలుచటి తెల్ల మసక, నాలుగు బొమ్మల్లోనూ ఉన్నచోటే ఉంది, దొంగ వెలుతురు, తీసేశాను. ఎడమ అంచు, పైభాగం. పెద్దసారు గొడుగు ఉన్న చోటే.

అయినా ఆవిడ మనసు ఒప్పుకోలేదు. ఉన్నచోటే ఉందని రాసి ఉందిగా. ఉన్నచోటే ఉంటే కెమెరాదేగా. సూత్రం తప్పడానికి వీల్లేదు.

మచ్చలక్క భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయనకు భార్య పని గురించి తెలిసింది అంతంతమాత్రం. చంద్రుడికి దగ్గు ఉందనీ, తన భార్య దానికి మందిస్తుందనీ ఆయన లెక్క. రోజూ ఇంటికి రాగానే, "ఏమోయ్, మీ వాడికి దగ్గు తగ్గిందా?" అని అడిగేవాడు. ఆవిడ తగ్గలేదని చెప్పేది. పెళ్ళయిన కొత్తల్లో పుట్టిన ఆ వేళాకోళం ఇద్దరికీ చెప్పుల్లా అలవాటైపోయింది. ఆ సాయంత్రం ఆవిడ జవాబు చెప్పలేదు. ఆయన బూట్లు విప్పడం ఆపి చూశాడు.

"ఏమండీ, బస్సు నడుపుతుంటే ఎదురుగా నల్లగా ఏదో కనిపిస్తుందనుకోండి. అద్దం మీద మచ్చో, రోడ్డు మీద మనిషో మీకెలా తెలుస్తుంది?"

"తల కాస్త పక్కకి జరుపుతాను. అద్దం మీదిదైతే రోడ్డు మీద పాకినట్టు జరుగుతుంది. మనిషైతే రోడ్డునే పట్టుకుని ఉంటాడు."

"తల జరపకపోతే?"

"జరపకపోతే ఏముంది, గుద్దాక తెలుస్తుంది" అని నవ్వబోయాడు. భార్య మొహం చూసి నవ్వు మింగేశాడు.

మర్నాడు పొద్దున్నే మచ్చలక్క మొదటి నౌక తిరుగుళ్ళ చిట్టా తెరిచింది. ఏ క్షణాన కెమెరా ఎటు చూసిందో అందులో ఉంటుంది. ఆ నాలుగు బొమ్మలప్పుడు కెమెరా చంద్రుడి మీంచి చూపు తిప్పకుండా, వాడు ఎటు జరిగితే అటు తిరుగుతూ వెంటాడింది. నాలుగింటిలోనూ చంద్రుడే కదల్లేదు. తల జరపలేదన్నమాట. చంద్రుడే కదలనప్పుడు మసక ఉన్నచోటే ఉంటే, దానివల్ల తేలేది ఏమీ లేదు. అది ఎవరిదైనా కావచ్చు. ఆవిడ చిట్టా చూడకుండా, అలవాటుకొద్దీ, భోజనం వేళయిందని, తీసేసింది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. తుడవకముందు బొమ్మలు, వచ్చినవి వచ్చినట్టు, నేలమాళిగలో టేపుల మీద ఉంటాయి. వాటికి కాపలా ఉన్న పెద్దమనిషిని ఆఫీసంతా బాబాయి అనేది. తెల్ల నూలు తొడుగులు వేసుకుని, ఇనప అరల మధ్య మెల్లగా తిరిగేవాడు. ఏ టేపు ఏ అరలో ఉందో అడిగినవాళ్ళకు కళ్ళు మూసుకుని చెప్పేవాడు. టేపు తెచ్చి బల్లమీద పెట్టి, రిజిస్టరు ముందుకు తోశాడు.

"సంతకం పెట్టు తల్లీ. ఎందుకు కావాలి అన్న గడిలో పని అని రాయి. అందరూ అదే రాస్తారు."

ఆవిడ కలం పట్టుకుని ఆగింది. పని అని రాసి ఊరుకుంటే, టేపు చూసి, తిరిగిచ్చేసి, కిమ్మనకుండా ఉండిపోవచ్చు. పెద్దసారు సోమవారం చదువుతాడు, మూడు నెలల్లో నిండుగా ఇంటికెళ్తాడు. ఆయన ఆనందాన్ని ఎవరూ ముట్టుకోరు. తన పందొమ్మిదేళ్ళ పని మీద ఎవరూ వేలెత్తరు. ఆవిడ గడిలో రాసింది: నా తప్పు సరిచూసుకోవడానికి. బాబాయి తలకిందులుగానే చదివాడు. చదవనట్టు దగ్గాడు.

తన గదిలో టేపు ఎక్కించగానే బొమ్మలు తెరమీదికి వచ్చాయి. నాలుగింటిలోనూ ఎడమ అంచున, నల్లటి ఆకాశంలోకి, పొయ్యిమీద పాలు పొంగే ముందు లేచే మీగడలా పలుచగా, ఒక గొడుగు. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎనిమిది నిమిషాలు. మొదటి బొమ్మలో గొడుగు కుడి కొస పైకుంది, నాలుగో బొమ్మకు దిగింది. కెమెరా మీద మచ్చ ఆకారం మార్చుకోదు. ఆరేళ్ళ కిందట అది ఊపిరి తీస్తుండగా ఆవిడ దాని మొహం మీద నల్లరంగు పులిమింది.

పెద్దసారు గదికి మెట్లు ఒక్క అంతస్తే. అవి ఎక్కడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. పెద్దసారు ఎర్ర పెన్సిల్‌తో అచ్చుకాగితాలు దిద్దుతున్నాడు. ఆవిడ నాలుగు బొమ్మలూ బల్లమీద వరసగా పెట్టింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మొహం బొమ్మకు ఆనేంత వంగి చూశాడు. అలవాటుగా స్కేలు తీసి కొలిచాడు.

"వంద కిలోమీటర్లు. ఇదెప్పటిది?"

"ఆరేళ్ళ కిందటిది సార్."

"ఆ బొమ్మల్లో ఇది లేదే."

"ఉంది సార్. నేను తుడిచేశాను."

స్కేలు ఆయన చేతిలోనే ఉండిపోయింది.  తర్వాత ఆవిడే తడబడుతూ ఏదేదో చెప్పుకుపోయింది: చిట్టా చూడకపోవడం, చంద్రుడు కదలకపోవడం, మధ్యలో ఎందుకో తండ్రి, తాళాలాయన, పుట్టుమచ్చ. పెద్దసారు అన్నీ విని అడిగింది ఒక్కటే.

"ఆవిడ ఆ ఫోటో తీసుకుందా?"

"తీసుకుంది సార్. వేలితో తడిమి చూసుకుంది."

ఆయన అచ్చుకాగితాలు ముందుకు లాక్కున్నాడు. వ్యాసం పేరులో పుట్టుక అన్న మాట మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాడు. గీత వంకరగా వచ్చింది. పెన్సిల్ కాస్త నొక్కి మళ్ళీ, తిన్నగా గీశాడు. తర్వాత పేజీ అడుగున నాలుగు వాక్యాలు రాసి పైకి చదివాడు. ఆ గొడుగు మొదటి నౌక నాటికే ఉందనీ, తొలి బొమ్మల్లోంచి దాన్ని మచ్చగా పొరబడి తీసేయించింది తానేననీ వాటి సారాంశం.

మచ్చలక్క లేచి నిలబడింది. అది నిజం కాదని, ఆయనకు ఆ మసక సంగతే తెలియదని అంది.

"నువ్వు తుడిచావని రాస్తే, నువ్వు తుడిచిన పదకొండు వేల బొమ్మల్నీ అనుమానిస్తారు. నేను తుడిపించానని రాస్తే ఈ నాలుగింటినే అనుమానిస్తారు. నాకింకా మూడు నెలలే, నీకు పదేళ్ళుంది."

"మా నాన్న నలుగురిలో ఒప్పుకున్నాడు సార్."

"ఆయన చెడగొట్టింది ఒక్క ఫోటో. అదీ కాక ఆయనకి పైన సారు లేడు." పెన్సిల్ బల్లమీద పెట్టి అన్నాడు, "చంద్రుడి గురించి నిజమే రాశాం కదమ్మాయ్. నా గురించి నేను ఒక్క అబద్ధం రాసుకుంటే నీకేం పోయింది? ఎవరడిగినా నాకేం తెలియదని చెప్పు. నామీద ఒట్టు."

ఆవిడ ఒట్టేసింది, ఒక షరతు మీద. నీలం పుస్తకంలో ఉన్న ప్రతి నంబరూ టేపుల మీంచి మళ్ళీ చూస్తానని. ఆయన తలూపాడు.

సోమవారం సభలో పెద్దసారు ఆ నాలుగు వాక్యాలు మిగతావాటి కంటే నెమ్మదిగా చదివాడు. వెనక వరసల్లో గుసగుసలు లేచాయి. ఎవరో, పాపం చూపు ఆనడంలేదేమో, చివర్లో ఇదేం పని, అన్నారు. ఆ మాటన్న మనిషి పక్కనే మచ్చలక్క కూర్చుని ఉంది. ఒకసారి లేవబోయింది. వేదిక మీంచి పెద్దసారు, కళ్ళజోడు పైనుంచి, అల్లరిపిల్లను చూసినట్టు చూశాడు. ఆవిడ కూర్చుంది.  ఆ రోజు భర్త దగ్గు సంగతి అడగలేదు. అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు.

నీలం పుస్తకంలో తొమ్మిది వందల పన్నెండు నంబర్లున్నాయి. రోజూ మామూలు పని ముగించుకుని, ఒకటో రెండో టేపులు తెప్పించుకుని, చిట్టా పక్కన పెట్టుకుని చూసేది. ఇంట్లో కూర్చున్న పెద్దసారు నెలకోసారి, ఒకటో తారీఖున, ఠంచనుగా ఫోను చేసేవాడు. "ఎన్ని?" అనేవాడు. ఆవిడ ఎన్ని చూసిందో చెప్పేది. "ఊఁ" అని పెట్టేసేవాడు. క్షేమసమాచారాలు ఏమీ ఉండేవి కావు. మూడో ఏడు చలికాలంలో ఒక ఒకటో తారీఖున ఫోను మోగలేదు. రెండో తారీఖున ఆవిడే చేస్తే, ఆయన పోయి నాలుగు రోజులైందమ్మా, అని ఆయన భార్య చెప్పింది.

ఆ వేసవిలో చివరి నంబరు అయిపోయింది. మచ్చలక్క పుస్తకం మూసి, ఎవరికి చెప్పాలో తోచక, వేళ్ళకు అలవాటైన ఆ నంబరే తిప్పింది. అవతల పెద్దసారు భార్య ఎత్తి, ఒక్క క్షణం ఆగి, "ఎన్ని?" అంది.

"అన్నీ అయిపోయాయమ్మా. ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ మచ్చలే."

"ఊఁ" అని ఆవిడ పెట్టేసింది.

మచ్చలక్క ఇప్పుడు ఉద్యోగం వదిలేసి చాలా కాలమైంది. ఆ గొడుగు ఆ చంద్రుడి పటాల్లో ఉంది. దాని పక్కన మొదట చూసిన ఏడు అని, ఆరేళ్ళ ముందటి ఏడే వేస్తారు. ఈ సంగతులు ఆవిడ ముందు ఎవరు ఎత్తినా, చేస్తున్న పని ఆపకుండా, ఒకటే జవాబు చెబుతుంది.

"అలాంటిదేమీ జరగలేదు. ఆ మసక తీసేయించింది సారే, వ్యాసంలో ఆయనే రాసుకున్నాడు, వెళ్ళి చదువుకోండి. నాకేం తెలియదు. మా నాన్న ఎవరి పుట్టుమచ్చా తీసెయ్యలేదు. మా ఆయన బస్సు నడిపేటప్పుడు తల అటూ ఇటూ తిప్పేవాడు కాదు. బాబాయి రిజిస్టరులో ఉన్నది నా చేతిరాత కాదు."